బాలింత ఇంటి ముందు డీజే పెడతామా?

మొన్న ఆదివారం మా ఫ్యామిలీ గ్రూపులో మా మరిది ఒక ఫొటో పెట్టాడు. పోయిన సంక్రాంతి సెలవుల్లో కాకినాడ పోయి, హోప్ ఐలాండ్‌లో అందరం వరుసగా నిలబడి దిగిన ఫొటో. కింద ఇట్లా రాశాడు: "ఈసారి ఫిబ్రవరిల మళ్ల పోదాం. టెంట్లు ఏసుకోని రాత్రి ఆడనే ఉందాం. లైట్లు, సౌండ్ బాక్స్ నావి. వదినే, పులిహోర నీది." ఐదు నిమిషాల్లో జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, ఆఖరికి మస్కట్ నుంచి కూడా బొటనవేళ్లు లేచాయి.

నేను "రాను" అని ఒక్క మాట పెట్టాను. అంతే. అప్పటి నుంచి ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు తగ్గారు. (అదీ ఒక రకంగా హాయిగానే ఉంది.) ఎందుకు రానన్నానో గ్రూపులో రాస్తే ఎవరూ చదవరు. మూడు లైన్లు దాటితే మావాళ్లకు అది ఉపన్యాసం. అందుకే ఇక్కడ రాస్తున్నా. చదివి మీరే చెప్పండి, నాది మొండితనమో కాదో.

మన దిక్కు నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా ప్రయాణం. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఆడవాళ్లకు నీళ్లంటే చెరువు, వాగు, మహా అయితే ధర్మపురి గోదావరి. అందుకే సముద్రం మధ్యలో దీవి అనగానే పిల్లలకంటే ముందు నేనే సంచులు సర్దాను. ఆ సంగతి దాచను. దీవి అంటే కొండ, కొబ్బరిచెట్లు, సినిమా పాటలో చూపించినట్టు ఏదో ఊహించుకున్నాను. తీరా చూస్తే అది పొడుగాటి ఇసుక పట్టీ. 16 కిలోమీటర్ల పొడవు ఉంటుందని చెప్పారు. కాకినాడ వైపు నీళ్లు మన చెరువులాగా నిమ్మళంగా ఉంటాయి. రెండో వైపు పోతే అసలు బంగాళాఖాతం, అలలు మీదికి వస్తాయి. మధ్యలో కొంతమంది జాలరి కుటుంబాలు, ఒక లైట్‌హౌస్, ఇసుక. దుకాణాల్లేవు, హారన్లు లేవు, గుడి మైకు లేదు.

ఈ దీవిని కట్టింది ఎవరో తెలుసా? గోదావరే. నది మోసుకొచ్చిన ఇసుకను సముద్రం అలలు పక్కకు తోసి, రెండు వందల ఏళ్లుగా కొంచెం కొంచెం పేర్చుకుంటూ వచ్చాయి. అంటే మన ధర్మపురి రేవును రాసుకుంటూ పోయిన నీళ్లే. సిరిసిల్ల పక్క నుంచి పోయే మానేరు కూడా కిందికి పోయి గోదావరిలోనే కలుస్తుంది. కాళ్ల కింద ఉన్న ఆ ఇసుకలో మన దిక్కుది పిడికెడైనా ఉండి ఉంటుందని అక్కడ నిలబడ్డప్పుడు అనిపించింది. (పైన ఇన్ని ఆనకట్టలు కట్టుకున్నాక ఇసుక మునుపటంత కిందికి పోవడం లేదు. దాని గురించి ఇంకోసారి రాస్తా.) ఆ దీవి అడ్డం ఉండబట్టే కాకినాడ ఓడరేవుకు పెద్ద అలల దెబ్బ తగలదు.

పక్కనే కోరంగి. ఇప్పుడు చిన్న ఊరు గానీ ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుఫానులో ఉప్పెన వచ్చి ఆ రేవును ముంచేసింది. అక్కడి నుంచి ఓడలెక్కి ఎంతమంది తెలుగువాళ్లు రంగూన్ పోయారంటే, బర్మాలో మనవాళ్ల పేరే 'కోరంగీలు' అయిపోయింది. ఇంటికొకరు దుబాయి, మస్కట్ పోయే మన జగిత్యాల జిల్లా వాళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు. ఇప్పుడక్కడ మడ అడవి. ఆ అడవిని 1978లో అభయారణ్యం చేశారు. 235 చదరపు కిలోమీటర్లు. నీళ్లలోకి దూకి చేపలు పట్టే నీటిపిల్లి, నీటికుక్కలు, చలికాలంలో ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల నుంచి వచ్చే పక్షులు, అన్నీ ఉన్నాయి. హోప్ ఐలాండ్ కూడా ఆ అభయారణ్యంలో భాగమే. ప్రతి ఏడు జనవరి నుంచి మార్చి దాకా, ఆ ఇసుక మీదికి ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

మా మరిది టెంట్లు వేద్దామన్నది ఫిబ్రవరిలో. ఇక పోయినేడు ఏం జరిగిందో చెప్తా.

మేం పదిహేడు మందిమి. టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. మగవాళ్లు దాన్ని 'రిలాక్స్ అవ్వడానికి' అన్నారు. ఆ రిలాక్స్ కోసం నేను, మా ఆడబిడ్డ, మా చెల్లె ముందురోజు పొద్దున మూడింటికి లేచాం. పులిహోర ఒక గంజు, చపాతీలు డెబ్బై, కోడి వేపుడు, ఉడకబెట్టిన గుడ్లు, పెరుగన్నం. కాకినాడలో అన్నం దొరకదా? అక్కడి భోజనం హోటళ్లకు ఎంత పేరుందో మీకు తెలుసు. అయినా "ఇంటి తిండి ఉంటే ఆ మజానే వేరు" అన్నారు. ఆ మజా ఎవరి చేతుల మీద నడుస్తుందో అడిగినవాడు లేడు. గంజు నా కాళ్ల దగ్గర పెట్టుకుని, మూత జరగకుండా పట్టుకుని, రాత్రంతా కూర్చునే పోయాను.

దీవిలో దిగగానే ఏం చేశాం? చాపలు పరిచాం. వడ్డించాం. మళ్లీ వడ్డించాం. "ఉప్పు తక్కువైంది" విన్నాం. మామిడికాయ తొక్కు ఎక్కడ పెట్టామో వెతికాం. మా చెల్లెలి కొడుకు చెప్పు నీళ్లలో కొట్టుకుపోతే ఏడ్చాడు, ఊకుంచాం. ఇల్లును మడిచి సంచిలో పెట్టుకుపోయి సముద్రం ఒడ్డున మళ్లీ విప్పినట్టే ఉంది. ఒక్కటే తేడా, ఇంట్లో అయితే నల్లా దగ్గర ఉంటుంది.

అందరూ తిని వాలిపోయాక నేను, మా చెల్లె లేచి సముద్రం వైపు నడిచాం. "ఎటు?" అని అడిగారు. "గటు" అని చేయి చూపించాను. మా చెల్లెది సిరిసిల్ల. ఇంటి వెనక గోడ ఆనుకునే సాంచాల కార్ఖానా. పెండ్లై పోయిన నాటి నుంచి పన్నెండేళ్లుగా దాని చెవుల్లో ఆ టకటక. ఫోన్లో మాట్లాడినా వెనక అదే చప్పుడు. అలల దగ్గర అలవాటుగా ఒర్రి మాట్లాడబోయి ఆగింది. కాసేపు అట్లనే నిలబడి, "అక్కా, నా చెవులల్ల ఏదో బందయినట్టుందే" అన్నది. దాని కళ్లల్ల నీళ్లు. నాకు మాట రాలేదు. నా పెండ్లై పంతొమ్మిదేళ్లు. పొద్దున కుక్కర్ ఈల నుంచి రాత్రి సీరియల్ ఆఖరి పాట దాకా, ఎవరూ నన్ను పిలవని అరగంట నాకు అదే మొదటిది.

కొంచెం దూరం పోయాక ఇసుకలో ఒక జాడ కనపడింది. ట్రాక్టర్ టైరు నీళ్లలోంచి పైకి వచ్చి, మళ్లీ నీళ్లలోకి పోయినట్టు. వెనక నుంచి మా పడవతను వచ్చాడు. "రాత్రి తల్లి తాబేలు వచ్చెళ్లిందండి. ఇది పైకొచ్చిన జాడ, ఇదెళ్లింది" అని చూపించాడు. మధ్యలో ఇసుక కొంచెం కెలికినట్టుంది. ముప్పై నలభై కిలోల ప్రాణి, నీళ్లలో ఈదేది, తెడ్లలాంటి కాళ్లతో ఆ బరువునంతా ఈడ్చుకుంటూ పైకి వస్తుందట. వెనక కాళ్లతో అడుగున్నర లోతు గుంత తవ్వి, నూరుకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో దబదబ అదిమి మళ్లీ సముద్రంలోకి పోతుంది. ఇక వెనక్కి చూడదు. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు వాటంతట అవే ఇసుక తవ్వుకుని బయటికి వచ్చి నీళ్ల దారి పడతాయి. వెయ్యింటిలో ఒకటో రెండో పెద్దవవుతాయని చెప్తారు.

ఇంకో మాట విని నవ్వొచ్చింది. గుడ్లలోంచి ఆడపిల్లలా మగపిల్లలా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. ఎండ ముదిరి ఇసుక కాగితే ఆడపిల్లలే ఎక్కువ. మన దిక్కు కొంతమంది అత్తలకు ఈ సంగతి తెలిస్తే సూర్యుడి మీద కూడా పంచాయితీ పెట్టేవాళ్లు.

"మరి లైటు వేసుకుని రాత్రి వస్తే కనపడుతుందా?" అని మా చెల్లె అడిగింది. పడవతను చేయి అడ్డంగా ఊపాడు. "లైటు చూస్తే, మనుషులు తిరిగితే పైకి రాదండి. ఎనక్కెళ్లిపోద్ది. పిల్లలైతే లైటుని చూసి అటే వచ్చేస్తాయండి, సముద్రమనుకుని." చీకట్లో సముద్రం మీద వెలుతురే వాటికి దారి. ఆ వెలుతురు కంటే మన లైటు ఎక్కువగా మెరిస్తే అవి దారి తప్పుతాయి. పొద్దు పొడిచేసరికి కాకులకో, కుక్కలకో, ఎండకో అయిపోతాయి.

ఇంకాస్త ముందుకు పోతే ఒక పెద్ద తాబేలు చచ్చి పడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. వలలో చిక్కితే పైకి వచ్చి ఊపిరి పీల్చుకునే వీలుండదు, నీళ్లలో బతికే జీవి నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మా చెల్లె దాని దగ్గర గొంతుకూర్చుంది. సరిగ్గా అప్పుడే మా వాళ్ల వైపు నుంచి పాట మొదలైంది. మా మరిది దుబాయి నుంచి తెచ్చిన సౌండ్ బాక్స్. ఏ పాటో చెప్పను, మీ కాలనీలో పెండ్లి బరాత్‌కు మోగిందే. బురద ఒడ్డున వాలి ఉన్న పిట్టలు ఒక్కసారిగా లేచిపోయాయి. వేల మైళ్లు ఎగిరి వచ్చి, ఇంత తిని సేద తీరుదామనుకున్న పిట్టలు.

నేను పోయి ఆ బాక్స్ బంద్ చేశాను. అంతే, నేను చేసింది అదే. అరవలేదు, ఏడవలేదు. "వదినే, మూడ్ ఖరాబ్ చేసినవ్" అన్నాడు మరిది. మా ఆయన ఏమీ అనలేదు, కానీ ఆ ఏమీ అనకపోవడం కోరుట్ల వచ్చేదాకా సాగింది. తిరిగి పడవెక్కేటప్పుడు మేం కూర్చున్న చోటు చూశాను. ప్లేట్లు, గ్లాసులు, చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు. గాలికి కొన్ని అప్పటికే సముద్రం వైపు దొర్లుతున్నాయి. ఏరుకుందామంటే "పడవకు టైమైతుంది" అన్నారు. నేను, మా చెల్లె చేతికి అందినంత కొంగుల్లో వేసుకున్నాం. మిగిలింది అక్కడే ఉంది. అది నా చేత్తో కట్టిన సంచిలోదే.

అందుకే ఈ వ్యాసం మగవాళ్లను తిట్టి వదిలేసేది కాదు. మనల్ని కూడా అడగాలి.

మీలో కొందరు ఇప్పటికే అనుకుంటున్నారు: కాగితం ప్లేట్లు వద్దంటే గిన్నెలు ఎవరు తోమాలి? సరైన ప్రశ్న. ఆ ప్లేట్లు నేనెందుకు కొన్నానో నాకు తెలుసు. పదిహేడు మంది ఎంగిలి పళ్లేలు సముద్రపు నీళ్లతో తోమే ఓపిక నాకు లేదు. ఆడదాని నడుము నొప్పికి దొరికిన చవకైన మందు ఆ ప్లేటు. పర్యావరణం మీద ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ప్లేటు పారేయొద్దంటారు గానీ, స్టీలు పళ్లెం ఎవరు కడగాలో చెప్పరు. ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కునే ఇల్లయితే ఆ కట్టలు కొనే పనే లేదు. దీవిలో చెత్త ఎక్కడ పుడుతుందని అడిగితే నేను మా వంటింటి తొట్టి దగ్గరే పుడుతుందంటాను.

రెండో సంగతి, పోయినేడు మేం పోయింది సంక్రాంతికి. ఇంట్లో డబ్బా నిండా సకినాలు, ఇంకో డబ్బాలో గారెలు, నువ్వుల ముద్దలు. అవన్నీ ఇంట్లో పెట్టి, దారిలో ఆగి పన్నెండు చిప్స్ ప్యాకెట్లు కొన్నాం. దీనికి మాత్రం నా దగ్గర సాకు లేదు.

అసలు నీళ్ల దగ్గరికి తిండి పట్టుకుపోవడం మనకు ఎవరో నేర్పాలా? సద్దుల బతుకమ్మ నాడు ఏం చేస్తాం? పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పులిహోర, మలీద ముద్దలు స్టీలు డబ్బాల్లో పెట్టుకుని చెరువుకు పోతాం. ఆడుతాం, పాడుతాం, పూలను నీళ్లలో విడుస్తాం, సద్ది పంచుకుని చేతుల్లోనే తింటాం, ఖాళీ డబ్బా ఇంటికి తెస్తాం. తంగేడు, గునుగు తప్ప చెరువులో మనది ఏదీ మిగలదు. (ఈ మధ్య థర్మాకోల్ మీద పేరుస్తున్నవాళ్లున్నారు. వాళ్లకు వేరేగా రాస్తా.) ఏటా చేసే పనిని కాకినాడ పోగానే ఎందుకు మరిచిపోయాం? 'టూర్' అనేసరికి మనం మనలాగా ఉండకూడదని ఎవరు చెప్పారు?

ఇప్పుడు మా ఆయన వాదన. న్యాయంగా రాస్తాను, ఎందుకంటే అందులో నిజం ఉంది. "తాబేళ్లను చంపేది పెద్ద మరబోట్ల వలలు. ఓడరేవు లైట్లు రాత్రంతా వెలుగుతనే ఉంటయి. మన ఒక్క బాక్స్ బంద్ చేస్తే అవి బతుకుతయా?" అన్నాడు. నిజమే. ఆ చచ్చిన తాబేలు మా పాట విని చావలేదు. తీరం దగ్గర మరబోట్లు వేటాడకూడదని నియమం ఉంది, తాబేలు తప్పించుకుపోవడానికి వలకు ఒక దారి పెట్టే పరికరం కూడా ఉంది, రెండూ గట్టిగా అమలు కావాలి. 1972 వన్యప్రాణి చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో ఈ తాబేలుకూ అంతే ఉంది. దాని మీద అడగాల్సినవాళ్లను అడగాలి, నేనూ అడుగుతాను. కానీ మరబోటు స్విచ్ నా చేతిలో లేదు. బాక్స్ స్విచ్ ఉంది. పెద్ద దొంగ తిరుగుతున్నాడని మనం పక్కింటి జామకాయలు కోసుకోవచ్చా?

"ఆ దీవిని మాల్దీవుల లెక్క చేస్తే ఎంత డెవలప్ అయితదో" అని మరిది ఇంకో మాట. రిసార్టులు, నీళ్ల మీద గదులు, రంగు లైట్లు. మాల్దీవులు కావాలంటే మాల్దీవులకే పో నాయనా, దుబాయి పోయినవాడివి, నీకు పాస్‌పోర్ట్ ఉంది. తాబేలుకు ఇంకో ఒడ్డు చూసుకునే సౌకర్యం లేదు. అది పుట్టిన తీరానికే తిరిగి వచ్చి గుడ్లు పెడుతుంది. పుట్టింటికి పురుటికి వచ్చినట్టు అనుకో.

అవును, పురుడే. నా మాటంతా అక్కడే ఉంది.

మన ఇళ్లల్లో పురుడు జరిగితే ఎట్లుంటాం? బాలింత గదిలో దీపం తగ్గిస్తాం. చెప్పులు బయట విడుస్తాం. గొంతు తగ్గిస్తాం. ఇరవై ఒక్క రోజులు పరాయివాళ్లను లోపలికి రానివ్వం. చూడాలని ఎంత ఆశ ఉన్నా గడప దగ్గర ఆగుతాం. దానికి ఎవరూ చట్టం చదివి చెప్పలేదు. ఆ నూట ఇరవై గుడ్ల తల్లికి ఉన్నది ఒక్క రాత్రి, అందులో ఒక్క గంట. పదహారు కిలోమీటర్ల ఇసుకలో ఆ గంట చీకటి కూడా మనం ఇయ్యలేమా? ఆ గంటలోనే టెంటు వేసి, రంగు లైట్లు కట్టి, మంట పెట్టి, చుట్టూ చిందులేయాలా? పైగా తాబేలు పైకి వస్తే సెల్ఫీ. మీరు కాన్పు నొప్పులతో ఉన్నప్పుడు గదిలోకి పదిహేడు మంది ఫ్లాష్ లైట్లతో వస్తే ఎట్లుంటుందో ఒక్కసారి తలుచుకోండి. మీకంటే ఎక్కువ ఈ మాట ఎవరికి అర్థమవుతుంది?

అందుకే 'రాను' అన్నాను. కానీ ఆ రాత్రి పడుకున్నాక మా చెల్లె మొహం గుర్తొచ్చింది. చెవుల్లో ఏదో బందయినట్టుందన్న మాట. నేను పోకపోతే అది కూడా రాదు. మా ఆడబిడ్డ రాదు. మగవాళ్లు పోతారు, బాక్స్ పోతుంది, లైట్లు పోతాయి. ప్రశాంతత అవసరమైనవాళ్లు ఇంట్లో కూర్చుని, అవసరం లేనివాళ్లు దాన్ని పాడు చేయడానికి పోతారు. ఇది ఏ లెక్కన న్యాయం? అక్కడి పడవలవాళ్లకు మనలాంటివాళ్లు వస్తేనే నాలుగు రూపాయలు, అది కూడా నిజమే. దీవికి ఎవరూ పోవద్దని నేననడం లేదు. ఎవరు, ఎప్పుడు, ఎట్లా పోతున్నారన్నదే నా తగాదా.

కాబట్టి నిన్న గ్రూపులో మళ్లీ రాశాను. వస్తాను. అయితే రాత్రి ఉండేది లేదు, పగలు పోయి పొద్దుండగానే వచ్చేద్దాం, రాత్రికి కాకినాడలో గది. అటవీ శాఖవాళ్లు ఎక్కడిదాకా పొమ్మంటే అక్కడిదాకే. బాక్స్ కోరుట్లలోనే ఉంటుంది. వంట లేదు. సకినాలు, సర్వపిండి, నువ్వుల ముద్దలు, ఎవరి స్టీలు డబ్బా, ఎవరి నీళ్ల సీసా వాళ్లదే, మగవాళ్లు కూడా. అన్నం కాకినాడ హోటల్లో, కూర్చుంటే ఎవరో వడ్డించే అన్నం. వచ్చేటప్పుడు కాజాలు కొనుక్కుందాం. ఒకరోజు కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద నడుద్దాం. దీవిలో ఒక గంట ఆడవాళ్లను ఎవరూ ఏ పనికీ పిలవకూడదు. పిల్లల బాధ్యత ఆ గంట నాన్నలది. ఇవి కుదరకపోతే పులిహోర మీరే కలుపుకోండి.

మా చెల్లె ముందు చేయి ఎత్తింది. ఆడబిడ్డ కాసేపు 'టైపింగ్' అని చూపించి, చివరికి ఒక దండం బొమ్మ పెట్టింది. అది సరేననో, నీకో దండం అనో ఇంకా తేలలేదు. మరిది నవ్వు బొమ్మ. మా ఆయన నీలం టిక్కులు, అంతే.

మా అత్తమ్మ గ్రూపులో లేదు. పోయినేడు మోకాళ్ల నొప్పులని రాలేదు. నలభై ఏళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసిన మోకాళ్లు. సాయంత్రం వాకిట్లో కూర్చుని అడిగింది:

"ఏమే, గంత దూరం పోతే తాబేలు కనవడ్తదా?"

"కనవడదత్తమ్మా. అది రాత్రి వస్తది, మనం పగలు పోతం."

"మరి ఎందుకు పోవుడు?"

ఏం చెప్పాలో తోచలేదు. చీకట్లో వచ్చిపోయిన జాడ చూడొచ్చన్నాను. ఇసుక, పిట్టలు, అలల చప్పుడు, ఇంకేం లేదన్నాను. గోదావరి మన ధర్మపురి నుంచి పోయి అక్కడ దిగుతుందని, ఆ ఇసుక మీద కాసేపు ఊరికే కూర్చోవచ్చన్నాను. ఎవరూ పిలవరన్నాను.

అత్తమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "కూసునేతందుకు ఒక పీట పట్టుకో. కింద కూసుంటే లేవరాదు నాకు" అన్నది.

పీట సంచిలో పెట్టాను. పోయేది ఫిబ్రవరిలోనా, ఇంకా ముందేనా అన్నది గ్రూపులో తేలాలి.